తప్పెటగెడ్డ జలపాతానికి మెమో

కొర్రా బొంజుబాబు ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం ఏమిటయ్యా అంటే, జలపాతం ఉందో లేదో చూసి పుస్తకంలో రాయడం.

పొద్దున్న ఎనిమిదింటికి ఖాకీ చొక్కా తగిలించుకుని, జాతీయవనం గేటు తాళం తీసి, నూటపన్నెండు మెట్లు దిగి, తప్పెటగెడ్డ అనే వాగు కొండ మీంచి దూకుతోందా లేదా అని తలెత్తి చూస్తాడు. దూకుతూనే ఉంటుంది. దానికి మాత్రం ఇంకేం పని? మళ్ళీ ఆ మెట్లన్నీ ఎక్కొచ్చి, టిక్కెట్ల గదిలో దినచర్య పుస్తకం తెరిచి, తేదీ వేసి, "జలపాతం ఉంది. నీరు పడుతున్నది" అని రాసి కింద సంతకం గీస్తాడు. ఆ అడవిలో ఎలుగులెన్ని, అడవిదున్నలెన్ని అని అడిగితే పెద్దపెద్ద అధికారులు కూడా నీళ్ళు నములుతారు గాని, జలపాతం విషయంలో ఎవరికీ ఏ అనుమానమూ లేదు. అది ఉన్నట్టు ఎనిమిది వేల సంతకాలున్నాయి.

ఇంత చేసినా బొంజుబాబు ఇంకా రోజుకూలీ వాచరే. అతన్ని పర్మనెంటు చెయ్యమన్న ఫైలు డివిజను ఆఫీసులో నాలుగుసార్లు పుట్టి, నాలుగుసార్లూ పురిట్లోనే పోయింది. అయిదోసారి పుట్టింది మాత్రం కాస్త గట్టిపిండంలాగే కనబడుతోంది. తప్పెటగెడ్డ దగ్గర ఉన్నది ఒకే ఒక్క పోస్టు. దాన్ని నింపడానికి కార్తీకమాసంలో కమిటీ కూర్చుంటుందని కబురొచ్చింది. మార్గశిరం వస్తే బొంజుబాబుకి యాభై నిండుతాయి. యాభై నిండినవాడికి పర్మనెంటు లేదు. అంచేత ఈసారి అయితే అయినట్టు, లేకపోతే జన్మలో లేనట్టు. భార్య చెల్లమ్మ అప్పుడే ఊళ్ళో ఆడవాళ్ళ దగ్గర "మా పర్మనెంటాయన" అనడం మొదలుపెట్టేసింది.

సరిగ్గా అలాంటి సమయంలో, శ్రావణంలో, నాలుగు రోజులు విడవకుండా ముసురు పట్టింది. అయిదో రోజు పొద్దున్నకి వాన వెలిసింది. బొంజుబాబు గేటు తీసి, మెట్లు దిగి, అలవాటు ప్రకారం తలెత్తి చూశాడు. రాయి ఉంది. రాతి మీద నాచు ఉంది. కింద మడుగు, మడుగు చుట్టూ ఇనుప కటకటాలు, "లోతు ఎక్కువ, దిగరాదు" అన్న బోర్డు, సందర్శకులు నిలబడి ఫొటోలు దిగడానికి కొత్తగా కట్టిన అద్దాల వేదిక, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. జలపాతం లేదు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. లేదు. చెవి ఒగ్గి విన్నాడు. మోత మాత్రం వినబడుతోంది, అదీ కొండకి అవతల నుంచి. తప్పిపోయిన గేదెని వెతుక్కుంటూ పోయినవాడిలా ఆ మోత పట్టుకుని తుప్పలన్నీ దాటి పైకెక్కాడు. పైన సంగతి తెలిసింది. ఇల్లంత బండ ఒకటి జారి గెడ్డకి అడ్డం పడింది. గెడ్డ ఓ క్షణం ఆలోచించి ఉంటుంది, అంతే, ఎడమకి తిరిగి కొండ రెండోవైపు నుంచి దూకేసింది.

ఆ దూకడం కూడా మామూలుగా లేదు. పాతదానికి రెండింతల ఎత్తు. మూడు అంచెలుగా పడి, మధ్య అంచెలో విసనకర్రలా విచ్చుకుని, తుంపరలో చిన్న ఇంద్రధనుస్సు కూడా పెట్టుకుంది. బొంజుబాబు ఓ రాతి మీద చతికిలబడి, వచ్చిన పనే మరిచిపోయి, అరగంట సేపు ఒక్కడూ నవ్వుకున్నాడు. అతనికంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు.

వెనక్కొచ్చి దినచర్య పుస్తకం తెరిచాడు. కలం ఆగిపోయింది. ఎప్పట్లా "ఉంది" అని రాసేస్తే అడిగేవాడు లేడు. కాని ఆ పుస్తకంలో ఇంతవరకూ ఒక్క అబద్ధం రాసిన పాపాన పోలేదతను. తల గోక్కుని, ఉన్నదున్నట్టు రాశాడు: "జలపాతం లేదు. కొండ అవతల పడుతున్నది. చాలా బాగున్నది."

బొంజుబాబు జన్మలో చేసిన తప్పేదైనా ఉందంటే అదిగో, అదే.

ఎందుకంటే ఆ నెలలో పై ఆఫీసులన్నింటా గైర్హాజరు నిర్మూలన మాసోత్సవం జరుగుతోంది. గోడల మీద బ్యానర్లు, పొద్దున్నే ప్రతిజ్ఞలు, మధ్యాహ్నం వ్యాసరచన పోటీలు. ఆ ఊపులో రాజధాని నుంచి సర్క్యులరొకటి వచ్చింది. ఏ కార్యాలయపు ఏ రిజిస్టరులోనైనా "లేదు", "లేరు" అని నమోదైన పక్షంలో, అది ఎవరి విషయమైనప్పటికీ, ఎట్టి మినహాయింపూ లేకుండా, ఇరవై నాలుగు గంటల్లో మెమో జారీ చేయవలెనని దాని సారాంశం.

ఈ సర్క్యులరుని కళ్ళకద్దుకున్నవాడు డివిజను ఆఫీసు సూపరింటెండెంటు మంథా విశ్వపతి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆయన అడవి మొహం ఎరగడు. చూసిందల్లా సిబ్బంది సెక్షనే. ఫలానావాడు రాలేదంటే మెమో, మెమోకి జవాబు రాకపోతే సస్పెన్షను, ఆ తర్వాత విచారణ. ఈ మూడు మెట్లూ ఆయన కళ్ళు మూసుకుని ఎక్కగలడు. మనిషి మంచివాడే. ఎవరి మీదా కోపం ఉండదు, ఎవరి మీదా జాలీ ఉండదు.

దినచర్య పుస్తకం నకలు ఏ పూటకాపూట డివిజను ఆఫీసుకి చేరుతుంది. సంగతి తెలిసి మర్నాడు రేంజరు పోలాకి అప్పలసూరి బొంజుబాబుని జీపులో పడేసుకుని ఆ ఆఫీసుకి పరుగెత్తాడు. అప్పలసూరికి రిటైరుమెంటు రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళూ తన రేంజిలో ఏమీ జరక్కుండా ఉంటే చాలని రోజూ దణ్ణం పెట్టుకునే మనిషి. వీళ్ళు వెళ్ళేసరికే మెమో టైపయి, సంతకమయి, ఆరడానికి బల్ల మీద పెట్టి ఉంది. "శ్రీ తప్పెటగెడ్డ జలపాతం, కేటాయించిన స్థానమందు లేకుండుట, పై అధికారుల అనుమతి లేకనే వేరొక స్థానమునకు తరలిపోవుట" అన్నది విషయం. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

జలపాతం మనిషి కాదు కదండీ అని రేంజరు మెల్లిగా నసిగాడు. విశ్వపతి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అప్పలసూరి గారూ, సర్క్యులరులో 'మనిషి' అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. 'ఎవరి విషయమైనప్పటికీ' అనుంది. 'ఎట్టి మినహాయింపూ లేకుండా' అనుంది. మినహాయింపు ఇవ్వడానికి మీరెవరు, నేనెవరు?"

రేంజరు గుమ్మం వైపు జరిగాడు. బొంజుబాబు మాత్రం చేతులు నలుపుకుంటూ తన ఫైలు సంగతి అడిగాడు. విశ్వపతి దానికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. అతని పోస్టు జలపాతానికి అనుబంధం. జలపాతం సర్వీసులో ఉంటే పోస్టు ఉంటుంది. విచారణలో నేరం రుజువై జలపాతాన్ని తొలగిస్తే పోస్టూ రద్దయిపోతుంది, కమిటీ కూర్చోవలసిన అవసరమే ఉండదు.

మెమో అందించే పని కూడా అతని మీదే పడింది. స్వయంగా చేతికివ్వాలి, తీసుకోకపోతే ఇద్దరు సాక్షుల సమక్షంలో అతికించాలి, అది రూలు. బొంజుబాబు అన్నంమెతుకులు పట్టుకుని, చెల్లమ్మనీ, మరదలు సన్యాసమ్మనీ సాక్షులుగా వెంటబెట్టుకుని కొండ అవతలికి వెళ్ళాడు. తడి రాతికి కాగితం అతుక్కుంటుందా? అతను ఒక మూల నొక్కితే ఇంకో మూల లేచింది. చివరికి ఒక్క పెద్ద జల్లు వచ్చి కాగితాన్ని చేతిలోంచి లాక్కుని పోయింది. ఆడవాళ్ళిద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. బొంజుబాబు మాత్రం నిష్ఠగా రిపోర్టు రాశాడు: "జలపాతం మెమో నా చేతిలోంచి తీసుకున్నది."

ఆ రిపోర్టు చూసి విశ్వపతి ఎంతో ముచ్చటపడ్డాడు. కొందరు ఉద్యోగుల కంటే ఈ జలపాతమే నయమనీ, మెమో తీసుకోవడానికి పేచీ పెట్టలేదనీ పదిమందిలో మెచ్చుకున్నాడు. ఏడు రోజులు గడిచాయి. సంజాయిషీ రాలేదు. ఎనిమిదో రోజున ఆయన అంతే ప్రసన్నంగా జలపాతాన్ని సస్పెండు చేశాడు.

సస్పెన్షను కాలంలో ఉద్యోగి విధులు నిర్వర్తించరాదు. అంటే కొత్త చోట పడే నీళ్ళ కింద ఎవరూ తడవకూడదు, ఎవరూ చూసి ఆనందించకూడదు. హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళరాదన్న షరతు దగ్గర పెద్ద చిక్కొచ్చింది. నీళ్ళు క్షణం నిలబడకుండా కిందికి పారిపోయి ఏట్లో కలిసిపోతున్నాయని రేంజరు రిపోర్టు రాశాడు. షరతుని ఉల్లంఘించినట్టు రెండో అభియోగం తయారైంది. సెకనుకి ఎన్నిసార్లు ఉల్లంఘిస్తోందో తెలపాలని కొర్రీ కూడా వచ్చింది. అప్పలసూరి మూడు రోజులు ఆ లెక్కే కట్టాడు.

మరి పాత చోట సందర్శకుల మాటేమిటి? దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి. పోస్టు ఖాళీగా ఉంటే ప్రజలకు ఇబ్బంది. ఖాళీ పోస్టుకి పక్కవాణ్ణి ఇన్‌ఛార్జి వెయ్యడం ఆఫీసుల్లో పరిపాటే. విశ్వపతి మ్యాపు తెప్పించుకుని చూసి, అక్కడికి రెండు ఫర్లాంగుల దూరంలో ఉన్న పిల్లగెడ్డ అనే ఊటని, తన సొంత విధులకు భంగం కలగకుండా, తప్పెటగెడ్డ జలపాతానికి పూర్తి అదనపు బాధ్యతలు స్వీకరించవలసిందిగా ఆదేశించాడు.

పిల్లగెడ్డ అంటే ఏపాటిదనుకున్నారు? ఊళ్ళో ఆడవాళ్ళు బిందె కింద పెట్టి, పేలు చూసుకుని, ఓ తగువు తీర్చుకునే లోపల ఆ బిందె నిండితే నిండినట్టు. దానికేమో ఇప్పుడు రెండు ఉద్యోగాలు. బొంజుబాబు చేతకానివాడు కాడు. కొండ పొలాలకి నీళ్ళు తెచ్చుకునే పద్ధతిలో వెదుళ్ళు నిలువునా చీల్చి, కణుపులు తీసి, ఒకదాని చివర ఒకటి పేర్చి, ఊట దగ్గర్నుంచి పాత రాతి నెత్తి దాకా దోనె కట్టాడు. పొద్దున పూట ఊట తన సొంత స్థానంలో పనిచేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి అతను దోనె తిప్పగానే వచ్చి తప్పెటగెడ్డలో కూర్చుంటుంది. అయిదింటికి మళ్ళీ ఇంటికి పోతుంది.

సందర్శకులు వచ్చారు. రాకేం? ఎక్కడెక్కడి నుంచో బస్సులు మాట్లాడుకుని, పులిహోర పొట్లాలతో, తాళ్ళతో, కొండలెక్కే బూట్లతో వచ్చారు. అద్దాల వేదిక మీద నిలబడి ఆత్రంగా రెండింటి కోసం ఎదురుచూశారు. రెండింటికి రాతి మీంచి, టీకొట్టువాడు గ్లాసులో పోసినట్టు, ఒక ధార దిగింది. దాని కింద వరస కట్టారు. ముందు తల తడుపుకోవాలా భుజం తడుపుకోవాలా అని వాదించుకున్నారు. విజయనగరం నుంచి వచ్చిన ఒక మామ్మగారు పావుగంట నిలబడి, చీర కొంగు కూడా తడవక, తమ వీధి కుళాయి ఇంతకన్నా నయమని ప్రకటించి పక్కకి తప్పుకుంది. మరి ఆ మోతేమిటని అందరూ అడిగారు. దిక్కులు దద్దరిల్లేలా కొండ అవతల నుంచి వస్తున్న ఆ మోతని దాచడం ఎవరి తరం? ఆ జలపాతం సస్పెన్షనులో ఉందని రేంజరు మర్యాదగా చెప్పాడు. ఏం తప్పు చేసిందని అడిగారు. విచారణలో ఉన్న అంశం గనక తాను మాట్లాడకూడదన్నాడు.

జనం ఊరుకుంటారా? ఒకరి వెనక ఒకరు తుప్పల్లోంచి దారి చేసుకుని అవతలికి జారుకున్నారు. ఒక ఆదివారం ఎనిమిదిమంది కాలేజీ కుర్రాళ్ళు నెత్తి మీద తువ్వాళ్ళతో పట్టుబడ్డారు. సస్పెన్షనులో ఉన్న ఉద్యోగి చేత విధులు చేయించుకున్న నేరానికి వాళ్ళ దగ్గర వాంగ్మూలాలు తీసుకున్నారు. ఎనిమిదిమందీ ఒకేమాట చెప్పారు. తాము ఏమీ చేయించలేదట, కేవలం కింద నిలబడ్డారట, అదే చేసుకుపోయిందట.

కార్తీకం వచ్చింది. విచారణాధికారి కూడా వచ్చాడు. పేరు ఇప్పిలి కూర్మనాథం. పొడుగాటి మనిషి, పొడి మనిషి, ముప్పై ఏళ్ళలో ఎవర్నీ వదిలిపెట్టనివాడని పేరు. నిందితుడి దగ్గరే విచారణ జరగాలని ఆయన పట్టుబట్టడంతో, బల్ల, కుర్చీలు, తెల్లగుడ్డ, ఫైళ్ళు కూలీల నెత్తిన కొండ అవతలికి చేరాయి. మొదటి ప్రశ్నలోనే గండం వచ్చింది. ప్రతి నిందితుడికీ తన తరఫున మాట్లాడ్డానికి ఒక సహోద్యోగిని పెట్టుకునే హక్కుంది. జలపాతానికి సహోద్యోగి ఎవరు? అందరూ బొంజుబాబు వైపు చూశారు.

ఆ ముందురోజు పొద్దున చెల్లమ్మ అతనికి చద్దన్నం పెడుతూ ఒక్కటే చెప్పింది. విచారణలో నిన్నేమైనా అడిగితే ఊరికే చేతులు నలపొద్దు, అది పోతే మనమూ పోతాం, గట్టిగా మాట్లాడు అంది. బొంజుబాబు చేతులు రెండూ జేబుల్లో దోపుకున్నాడు.

కూర్మనాథం లేచి అభియోగాలు చదివాడు. అనుమతి లేకుండా స్థానం విడిచావా? జలపాతం హోరుమంది. సంజాయిషీ ఎందుకివ్వలేదు? హోరుమంది. హెడ్‌క్వార్టర్సు ఎందుకు విడిచావు? అదే హోరు. నిందితుడు ప్రతి ప్రశ్నకీ బిగ్గరగా, విరామం లేకుండా, ఒకే సమాధానం ఇచ్చాడని రాసుకున్నాడు ఆయన. గాలి తిరిగి తుంపర బల్ల మీదికొచ్చి ఫైళ్ళు తడిశాయి. అది వేరే అభియోగంగా రాసుకున్నాడు. అప్పుడు బొంజుబాబు వంతు వచ్చింది.

"బాబూ, దీని కాడ నానిరవై రెండేళ్ళు పన్జేసినాను," అన్నాడు బొంజుబాబు. "పండగ నేదు, ఆదివారం నేదు, జొరం నేదు. ఎండల్లో సిక్కిపోనాది గాని ఒక్కనాడు మానేదు. ఇంతలావు బండొచ్చి దాని దారికడ్డంగా పడిపోనాది. ఇంటి కాడ కూకోకుండా, ఇంకో దారెతుక్కుని ఆ రోజే పన్లోకొచ్చీసినాది. మనిసైతేటి, కాకపోతేటి, మనలో ఇలగ పన్జేసినోడెవడో సెప్పండి."

కూర్మనాథం కలం పక్కన పెట్టాడు. దీనికి లిఖితపూర్వకమైన ఆధారముందా అని అడిగాడు. బొంజుబాబు గోనెసంచి విప్పి ఇరవై రెండేళ్ళ దినచర్య పుస్తకాలు బల్ల మీద గుట్టగా పోశాడు. ఆయన ఒక్కోటీ తిరగేశాడు. జలపాతం ఉంది. జలపాతం ఉంది. జలపాతం ఉంది. సాయంత్రమయ్యేసరికి ఆ పొడి మనిషి కళ్ళు చెమర్చాయి. అది తుంపరా మరోటా అన్నది రేంజరు కూడా చెప్పలేకపోయాడు. తన సర్వీసులో ఇంత నిఖార్సయిన హాజరు ఎక్కడా చూడలేదనీ, ఇలాంటి ఉద్యోగిని శిక్షించడం శాఖకే మచ్చ అనీ చెప్పి, అభియోగాలన్నీ కొట్టేశాడు.

బొంజుబాబు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. జలపాతం నిలిచింది, పోస్టు నిలిచింది. ఊళ్ళోవాళ్ళంతా గెంతులేశారు. చెల్లమ్మ ఇంటింటికీ బెల్లం పంచింది. నాలుగో రోజున కమిటీ కూర్చుంది. తొమ్మిదో రోజున ఆర్డరొచ్చింది.

అప్పలసూరి దాన్ని పైకి చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"తప్పెటగెడ్డ వద్ద గల ఏకైక పోస్టునందు, విచారణాధికారి ప్రశంసను, ఇరవై రెండు సంవత్సరముల నిరంతరాయ సేవను పరిగణించి, సదరు జలపాతమును శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది. రోజుకూలీ శ్రీ కొర్రా బొంజుబాబు సదరు ఉద్యోగికి సహాయకుడిగా, దాని ఆదేశములకు లోబడి కొనసాగును."

బొంజుబాబు ఆ పూటే బస్సెక్కి విశ్వపతి దగ్గరికి పోయాడు. ఆయన కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, విడమరిచి చెప్పాడు. పోస్టు ఒకటి, అభ్యర్థులు ఇద్దరు. జలపాతం తరఫున ఎనిమిది వేల రోజుల హాజరు కాగితం మీద ఉంది. బొంజుబాబు తరఫున ఒక్క రోజుదీ లేదు.

"ప్రతి రోజూ కింద నా సంతకముంది కదండీ బాబూ," అన్నాడు బొంజుబాబు.

"ఉంది. జలపాతం ఉందని నువ్వు పెట్టిన సాక్షి సంతకం అది. సాక్షి కూడా ఉన్నాడని ఆ పుస్తకంలో ఎక్కడైనా రాశావా నాయనా?"

రాయలేదు. నిజంగానే రాయలేదు. ఇరవై రెండేళ్ళు దాని పేరు రాశాడు గాని, నేనూ ఉన్నాను అని ఒక్కనాడు రాసుకోలేదు. కడుపు రగిలిపోయింది అతనికి. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, కనిపించిన ప్రతి కొండనీ తిట్టుకున్నాడు. ఇంటికొచ్చి సంగతి చెబితే చెల్లమ్మ, పోనీలే, మన వాదన గెలిచినాది కదా, అంత బాగా మాటాడమని నిన్నెవడు సెప్పినాడు అంది. తనే చెప్పిందని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి, నవ్వాగక గోడకి చేరబడిపోయారు.

మర్నాడు ఆదివారం. నియామకపు ఆర్డరుని ఉద్యోగికి అందించి రసీదు తీసుకోవాలి గనక బొంజుబాబు కొండ అవతలికి వెళ్ళాడు. సస్పెన్షను ఎత్తేశారన్న కబురు ఊళ్ళకి ఊళ్ళు పాకి, ఆరోజు కొండంతా జనమే. వనభోజనాల పొయ్యిలు పొగలేస్తున్నాయి. బొంగుల్లో కోడి ఉడుకుతోంది. తాళ్ళు పట్టుకుని రాళ్ళెక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, జారేవాళ్ళు జారుతున్నారు. నీళ్ళ కింద మునిగినవాళ్ళు పెట్టే కేకలకి పిట్టలన్నీ లేచిపోతున్నాయి.

బొంజుబాబు ఆర్డరు పైకెత్తి పట్టుకుని, గొంతెత్తి, మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా జలపాతానికి చదివి వినిపించాడు. "దాని ఆదేశములకు లోబడి" అన్న చోట ఆగి ఇంకోసారి చదివాడు. విధుల్లో ఉన్న వాచరు నీళ్ళలో దిగకూడదని రూలుంది. ఈ ఇరవై రెండేళ్ళలో లక్షమంది తన కళ్ళముందు తడిసి మురిసిపోతుంటే చూశాడు గాని, తను ఒక్కసారి కూడా ఆ నీళ్ళ కింద నిలబడలేదు. తలెత్తి జలపాతాన్ని ఏదో అడిగాడు. ఒక్క క్షణం ఆగాడు. అంతే, ఖాకీ చొక్కాతో, టోపీతో, చేతిలో ఆర్డరుతో సహా లోపలికి దూకేశాడు.

నెత్తిన కొండ విరిగి పడ్డట్టయింది. ఊపిరి అందలేదు. టోపీ పోయింది, ఆర్డరు పోయింది, కడుపులో రగులుతున్నది కూడా ఎటో కొట్టుకుపోయింది. వీపు మీద అంత బరువు ఎప్పుడూ పడలేదు, అంత తేలిగ్గానూ ఎప్పుడూ లేదు. అతను కేక పెట్టాడు. జనమంతా అతనితో కేక పెట్టారు.

గట్టు మీదికి రేంజరు అప్పలసూరి రొప్పుకుంటూ వచ్చాడు. తన వాచరు, డ్యూటీ వేళ, యూనిఫారంతో, నీళ్ళలో. ఆయన బుర్ర తిరిగిపోయింది. పై ఆఫీసరు అనుమతి లేకుండా ఇదేం పనని గట్టు మీంచి అరిచాడు.

బొంజుబాబు ముఖం మీద నీళ్ళు తుడుచుకుని, వేలెత్తి పైకి చూపించాడు.

"నా పై ఆఫీసరు ఇదే కదండీ బాబూ. అడిగినాను. వద్దననేదు."

అప్పలసూరి జలపాతం కేసి చూశాడు. ఆర్డరు ఆయనా చదివినవాడే, కాదనడానికి ఒక్క రూలూ తోచలేదు. కాసేపు మీసం దువ్వుకున్నాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి, చూసి, రాతి మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

"బొంజుబాబూ," అన్నాడు గొంతు తగ్గించి. "నా గురించి కూడా ఓ మాట అడగవోయ్."